ఐరన్ మాత్రకు లొంగని నీరసం

కొల్లేటి చుట్టుపక్కల మండవల్లి, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో ఒక మనిషి ముఖం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంటే చూసినవాళ్లు అనే మాట "రక్తం తక్కువైంది" అని. ఆ మాట చాలాసార్లు నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందిలో ఉన్న లోపానికి కళ్లు అలవాటుపడిపోతాయి. ఎందుకొచ్చిందని అడగడం మానేస్తాం. కిడ్నీ దెబ్బతిన్నందువల్ల వచ్చే రక్తహీనత దాక్కునేది సరిగ్గా ఈ అలవాటు వెనకే. డయాలిసిస్ మొదలయ్యాక చూసుకోవచ్చులే అని వదిలేసే ఉపద్రవంగా కాకుండా, దాన్ని జబ్బు తొలి దశల్లోనే రెండు వైపుల నుంచీ వెతకాలన్నది నా వాదన. మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగనివారికి కిడ్నీ పరీక్ష చేయాలి. కిడ్నీ జబ్బు ఉందని తేలినవారికి మొదటి నుంచే హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు కొలవాలి. ఈ రెండు పనులూ ఇవాళ మన ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల మధ్య ఖాళీలో జారిపోతున్నాయి.

కిడ్నీకీ రక్తానికీ సంబంధం ఏమిటో ముందు చూడాలి. వడపోత, మూత్రం తయారీ కిడ్నీ పనులని అందరికీ తెలుసు. ఎముక మూలుగకు "ఎర్రకణాలు తయారుచేయి" అని కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కూడా పెద్దవారిలో ప్రధానంగా కిడ్నీలోనే పుడుతుందని తెలిసినవారు తక్కువ. కిడ్నీలోని సన్నటి గొట్టాల మధ్య ఉండే కణాలు రక్తంలో ఆక్సిజన్ ఎంత వస్తోందో కనిపెట్టి, తగ్గితే ఈ హార్మోనును ఎక్కువ వదులుతాయి. ఆ కనిపెట్టే పద్ధతిని తేల్చినందుకే గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. కిడ్నీ పాడయ్యేకొద్దీ ఆ కణాలు చేవ కోల్పోతాయి, మూలుగకు కబురు అందదు. అంతటితో ఆగదు. మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం, ఒంట్లో మలినాలు పేరుకున్నప్పుడు అంతకాలం నిలవదు. వీటికి తోడు హెప్సిడిన్ ఉంది. కాలేయంలో తయారయ్యే ఈ పదార్థం పేగుల నుంచి ఐరన్ రక్తంలోకి రాకుండా, నిల్వల్లో ఉన్నది బయటికి పోకుండా అడ్డుకుంటుంది. కిడ్నీ జబ్బులో దాని మోతాదు పెరుగుతుంది. ఒకటి, అది మూత్రంలో సరిగా బయటికి పోదు. రెండు, ఒంట్లో నిరంతరం ఉండే వాపు దాన్ని పెంచుతుంది. అప్పుడు రోగి పరిస్థితి గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి దొరకని ఇంటిలా ఉంటుంది. పరీక్షలో ఐరన్ నిల్వ కనిపిస్తుంది, మూలుగకు మాత్రం గింజ కూడా అందదు. ఇలాంటి మనిషికి నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇచ్చి, పెరగలేదేమని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు.

జబ్బు ముదిరేకొద్దీ రక్తహీనత ఎలా పెరుగుతుందో అమెరికా జాతీయ సర్వే ఆధారంగా 2014లో వచ్చిన విశ్లేషణ చూపిస్తుంది. కిడ్నీ జబ్బు మొదటి దశలో ఉన్నవారిలో 8.4 శాతం మందికి, ఐదో దశలో ఉన్నవారిలో 53.4 శాతం మందికి రక్తహీనత ఉంది. అది మనకన్నా రక్తహీనత చాలా తక్కువగా ఉన్న సమాజపు లెక్క. ఇక్కడ ఆడవాళ్లలో సగానికి పైగా ముందే రక్తం తక్కువగా ఉన్నవారు. వారికి కిడ్నీ జబ్బు వస్తే ఆ లోటు మీద మరో లోటు పడుతుంది. భారతదేశంలోని కిడ్నీ రోగుల రిజిస్ట్రీ 2012లో ప్రచురించిన వివరాల్లో 52,273 మంది ఉన్నారు. వారిలో దాదాపు సగం మంది వైద్యుడి దగ్గరికి వచ్చేసరికే ఐదో దశలో ఉన్నారు. అంతకుముందు ఏళ్ల తరబడి వీరిలో చాలామంది నీరసమని, ఆయాసమని, ఆకలి లేదని ఎక్కడో ఒకచోట చూపించుకునే ఉంటారు. బలానికి ఇంజెక్షనో, సెలైనో, టానిక్కో తీసుకునే ఉంటారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేద్దామని మాత్రం ఎవరికీ తట్టి ఉండదు.

అలా తట్టకపోవడానికి వ్యక్తుల అశ్రద్ధ కన్నా ఏర్పాటులోని లోపమే ఎక్కువ కారణం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం పసిపిల్లలు, బడి పిల్లలు, కౌమార వయసువారు, సంతాన వయసు మహిళలు, గర్భిణులు, బాలింతలు అనే ఆరు వర్గాల కోసం రూపొందింది. తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం అది అవసరమే. అయితే ఇరవై దాటిన మగవాళ్లు, యాభై దాటిన ఆడవాళ్లు ఆ ఆరింటిలో ఎక్కడా లేరు. కిడ్నీ జబ్బు ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా వాళ్లనే. రెండో పక్క, ముప్పై దాటినవారికి బీపీ, సుగర్ పరీక్షలు చేసే అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం ఉంది. ఆ పరీక్షలకు వచ్చినవారికి హిమోగ్లోబిన్ చూడటం ఆనవాయితీ కాదు. ఇలా రక్తహీనత రిజిస్టర్‌లో లేని మనిషి, బీపీ-సుగర్ రిజిస్టర్‌లో ఉన్నా రక్తం సంగతి రాయని మనిషి మిగిలిపోతున్నాడు. పదేళ్లుగా సుగర్ ఉన్న యాభై అయిదేళ్ల రైతు హిమోగ్లోబిన్ 9కి పడిపోయినా ఈ రెండు పుస్తకాల్లో ఏదీ ఆ సంగతి పట్టుకోదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. సగం ఊరికి రక్తం తక్కువైతే సగం ఊరికీ కిడ్నీ పరీక్షలు చేస్తారా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ల్యాబ్ తట్టుకుంటుందా? అందరికీ చేయనక్కర్లేదు. నెలసరి వచ్చే వయసులో ఉన్న మహిళకు రక్తం తగ్గితే ఐరన్ లోపమే మొదటి అనుమానం. ముందు మాత్రలు ఇవ్వడం సబబే. మగవాడికి, నెలసరి ఆగిన మహిళకు అలా కాదు. వారికి రక్తం ఊరికే తగ్గదు. కడుపులో పుండు, మొలలు, కొంకి పురుగులు, క్యాన్సర్, కిడ్నీ వీటిలో ఏదో ఒకటి వెతకాల్సిందే. సుగర్, బీపీ ఉన్నవారు, ఒళ్లు నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగినవారు కూడా ఈ జాబితాలోకే వస్తారు. ఇక యువతుల విషయానికొస్తే, మాత్రలు సరిగ్గా వాడినా నెలలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలని అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ పంపే చీటీలో క్రియాటినిన్ అన్న ఒక్క మాట చేర్చడానికి కొత్త కార్యక్రమం, కొత్త బడ్జెట్ అవసరం లేదు.

క్రియాటినిన్ అంకెను చదవడంలో ఒక మెలిక ఉంది, దాన్ని దాటిపోలేం. మండవల్లి మీదుగా పోయే రైలు మార్గంలోనే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో ప్రకటించారు. తర్వాత లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ చాలా ఐరన్ మాత్రల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం అదే. ఈ వ్యాస విషయానికి ఇంత దగ్గరైన శాస్త్రవేత్త మన పక్క ఊరివాడని చెప్పుకోవడంలో నాకు గర్వం ఉంది. కండరంలోని ఆ క్రియాటిన్ విరిగి తయారయ్యేదే క్రియాటినిన్. అంటే కండ తక్కువున్న ఒంట్లో అది తక్కువే పుడుతుంది. బక్కపలచని అరవై ఏళ్ల మహిళకు క్రియాటినిన్ 1.3 వస్తే కాస్త ఎక్కువలే అని చీటీ మడిచి పంపేస్తారు. వయసు, లింగం కలిపి లెక్కిస్తే ఆమె కిడ్నీల వడపోత వేగం 47 దగ్గర తేలుతుంది. అది మూడో దశ జబ్బు. రక్తం తగ్గడం మొదలయ్యే దశ కూడా అదే. అందుకే ల్యాబ్ చీటీ మీద క్రియాటినిన్ పక్కన వడపోత వేగాన్ని కూడా ముద్రించాలి. ఆ లెక్క ఫోన్‌లో అర నిమిషంలో అయిపోతుంది.

మన రాష్ట్రంలో కిడ్నీ జబ్బు మాట వస్తే ఉద్దానం రాకుండా ఉండదు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరిశోధకులు చేసిన సర్వేల్లో దాదాపు ఐదో వంతు పెద్దలకు కిడ్నీ జబ్బు కనిపించింది. వారిలో చాలామందికి సుగర్ లేదు. మనకు మరింత దగ్గరగా, ఎన్టీఆర్ జిల్లా ఎ. కొండూరు మండలం తండాల్లో ఇదే వేదన ఉంది. ఉద్దానం రోగుల కిడ్నీ ముక్క పరీక్షల్లో ఎక్కువగా కనిపించింది గొట్టాలు, వాటి మధ్య కణజాలం దెబ్బతినడం. ఎరిత్రోపోయిటిన్ పుట్టేది ఆ కణజాలంలోనే. ఇలాంటి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపు ఆలస్యంగా వస్తుంది, బీపీ కూడా చాలాకాలం అదుపులోనే ఉండవచ్చు. బీపీ, సుగర్, మూత్ర పరీక్ష అనే మూడు వలల్లోంచీ తప్పించుకునే ఈ రోగిని పాలిపోవడం పట్టివ్వగలదు. నీళ్లు బాగుచేయకుండా రక్తం గురించి మాట్లాడటం దేనికని ఎవరైనా అడగవచ్చు. నీటి మీద అనుమానం న్యాయమైనది. పలాసలో 2023 డిసెంబరులో ఆసుపత్రి, పరిశోధన కేంద్రంతో పాటు దూరం నుంచి నీళ్లు తెచ్చే పథకం ప్రారంభమవడం ఆ అనుమానం ఫలితమే. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురికి చేరే కొల్లేటి పక్కన ఉన్నవారు నీళ్ల గురించి అడగకుండా ఉండలేరు. కాకపోతే నీళ్లు మారినా, ఇప్పటికే మచ్చపడిన కిడ్నీ మళ్లీ హార్మోను తయారుచేయదు. కారణం తేలేదాకా రోగి ఆయాసంతో వేచి ఉండాల్సిన పనీ లేదు.

ఇంటి వైద్యం సంగతి తొందరగా దాటిపోయేది కాదు, ఎందుకంటే మొదటి చికిత్స ఎప్పుడూ వంటింట్లోనే జరుగుతుంది. రక్తం పట్టడానికని దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం, నీరసానికని కొబ్బరినీళ్లు ఇవ్వడం మన దగ్గర ప్రేమతో చేసే పని. కిడ్నీ సరిగా ఉన్నవారికి వీటితో ఇబ్బంది లేదు. నాలుగో, ఐదో దశ రోగికి వీటిలోని పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండె లయ తప్పించగలదు. రక్తం పెంచుదామని ఇచ్చింది ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఇది. పైగా వీటిలోని ఐరన్ స్వల్పం, అందులో ఒంటికి పట్టేది మరీ స్వల్పం. చేప, మాంసం నుంచి వచ్చే ఐరన్ మెరుగ్గా ఒంటికి పడుతుంది కాబట్టి, కొల్లేటి మనిషికి వైద్యుడు చెప్పిన మేరకు కూర చేపే మంచి తిండి. ఎండుచేప మాత్రం ఉప్పుతో బీపీని పెంచుతుంది. మరో చిన్న తప్పు చాలా ఇళ్లలో జరుగుతుంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర ముగ్గురు చుట్టాల్లా ఒకేసారి మింగేస్తారు, పైన టీ తాగుతారు. కాల్షియం, టీ రెండూ ఐరన్‌ను పేగుల్లోనే ఆపేస్తాయి. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లం తగ్గించి అదే పని చేస్తుంది. వాటి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలని మందుల షాపులో ఒక్క మాట చెప్పినా మేలే. ఇక చేపల చెరువుల పట్టుబడిలో, నాట్లలో నడుము విరిగేలా పనిచేసేవారు వాడే నొప్పి మాత్రలు రెండు వైపులా కోస్తాయి. కిడ్నీని దెబ్బతీస్తాయి, కడుపులో పుండు చేసి రక్తమూ కారుస్తాయి.

హిమోగ్లోబిన్ 6కో 7కో దిగాక బంధువులు అడిగేది రక్తం ఎక్కించమని. గుండె నొప్పి, తీవ్రమైన ఆయాసం, రక్తస్రావం ఉన్నప్పుడు అది తప్పదు, ప్రాణం నిలబెడుతుంది. దాన్ని అలవాటు చికిత్సగా మార్చడమే తప్పు. ఒక్కో యూనిట్ హిమోగ్లోబిన్‌ను సుమారు ఒక గ్రాము పెంచి, కొన్ని వారాల్లో మళ్లీ పాత స్థితికే వదిలేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఇతరుల రక్తం ఒంట్లోకి వచ్చిన ప్రతిసారీ పరాయి కణజాలానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టే అవకాశం ఉంటుంది. రేపు ఇంట్లోవాళ్లు కిడ్నీ ఇస్తామన్నా, అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా కిడ్నీ దొరికినా ఆ ప్రతిరక్షకాలు అడ్డం పడవచ్చు. చిన్న వయసు రోగికి ఇవాళ తేలిగ్గా ఎక్కించిన రెండు సీసాలకు ఐదేళ్ల తర్వాత ధర చెల్లించాల్సి వస్తుంది. 1980లలో డయాలిసిస్ రోగుల బతుకు ఇలాగే నడిచింది: నెలనెలా రక్తం, దానితో కాలేయంలో పేరుకునే ఐరన్, హెపటైటిస్. 1977లో యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం వేల లీటర్ల మూత్రం నుంచి ఎరిత్రోపోయిటిన్‌ను వేరుచేయడం, తర్వాత దాని జన్యువు దొరకడం, 1987 జనవరిలో సియాటెల్‌లో జోసెఫ్ ఎష్‌బాక్ బృందం 25 మంది డయాలిసిస్ రోగులపై ఫలితాలు ప్రచురించడం, 1989లో అమెరికా అనుమతి ఈ చరిత్రను మార్చాయి. మన దేశంలో కంపెనీలు తక్కువ ధరకు తయారుచేయడం మొదలయ్యాక ఈ హార్మోను ఇంజెక్షన్ ఇక్కడికీ చేరింది. ఎక్కువ రోజులు పనిచేసే డార్బెపోయిటిన్‌ను హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2010లో విడుదల చేసింది.

ఇంజెక్షన్ వచ్చాక తర్కం సూటిగా కనిపించింది: తక్కువ రక్తం చెడ్డదైతే మామూలు స్థాయి మంచిది కదా, మోతాదు పెంచి 13 దాటిద్దాం. ఈ విషయంలో వైద్యం నేర్చుకున్న పాఠం ఖరీదైనది. 1998లో ప్రచురితమైన 1,233 మంది డయాలిసిస్ రోగుల అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. రక్తాన్ని మామూలు స్థాయికి తెచ్చిన వర్గంలో మరణాలు, గుండెపోట్లు తగ్గకపోగా ఎక్కువగా కనిపించాయి. 2006లో 1,432 మందితో చేసిన చాయిర్ అధ్యయనంలో 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారికి 11.3 లక్ష్యంగా పెట్టుకున్నవారికన్నా ఎక్కువ హాని జరిగింది. 2009లో 4,038 మంది సుగర్ రోగులపై చేసిన ట్రీట్ అధ్యయనంలో ఇంజెక్షన్ వర్గంలో 101 మందికి, ఉత్తుత్తి మందు వర్గంలో 53 మందికి పక్షవాతం వచ్చింది. చివరికి అంతర్జాతీయ మార్గదర్శకాలు 2012లో ఒక మధ్యస్థానం దగ్గర నిలబడ్డాయి. డయాలిసిస్ లేనివారికి 10 కన్నా తగ్గాకే, మనిషిని బట్టి ఇంజెక్షన్ ఆలోచించాలి, సాధారణంగా 11.5 దాటించకూడదు, 13 పైకి కావాలని తీసుకెళ్లకూడదు. ఆరోగ్యవంతుడి అంకె రోగికి లక్ష్యం కాకపోవచ్చని ఒప్పుకోవడం కుటుంబాలకు కష్టం. రిపోర్టులో 11 పక్కన తక్కువ అని గుర్తు కనిపిస్తే ఇంకో ఇంజెక్షన్ రాయమని అడుగుతారు. వద్దని చెప్పే వైద్యుడు వారికి మేలే చేస్తున్నాడు.

హాని హార్మోను మోతాదు వల్ల వచ్చిందా, ఎక్కువైన రక్తం వల్ల వచ్చిందా అనేది పూర్తిగా తేలలేదు. మోతాదు మీద అనుమానం బలంగా ఉంది కాబట్టి, తక్కువ మోతాదుతో పని జరిపించే దారి వెతకడం తెలివైన పని. ఆ దారి ఐరన్. హిమోడయాలిసిస్‌లో గొట్టాల్లో మిగిలిపోయే రక్తం, పరీక్షలకు తీసే రక్తం కలిపి ఏడాదికి ఒకటి నుంచి మూడు గ్రాముల ఐరన్ పోతుంది. మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే మూడు నాలుగు గ్రాములు. మింగే మాత్ర ఈ లోటు పూడ్చలేదు. 2019లో వెలువడిన బ్రిటన్ పివోటల్ అధ్యయనంలో 2,141 మంది డయాలిసిస్ రోగులు పాల్గొన్నారు. ఒక వర్గానికి నిల్వలు మరీ ఎక్కువ కాకుండా చూసుకుంటూ నెలకు 400 మిల్లీగ్రాముల ఐరన్‌ను నరం ద్వారా ముందస్తుగా ఇచ్చారు. రెండో వర్గానికి బాగా తగ్గాకే ఇచ్చారు. ముందస్తు వర్గంలో హార్మోను ఇంజెక్షన్లు తగ్గాయి. మరణం లేదా పెద్ద గుండె సమస్యలు 29.3 శాతం మందికి వచ్చాయి, రెండో వర్గంలో 32.3 శాతం. నరం ద్వారా ఐరన్ ఇస్తే సూక్ష్మక్రిములకు మేత వేసినట్టే, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్న భయం పాతది. ఈ అధ్యయనంలో అవి పెరగలేదు. మెడలో క్యాథెటర్‌తో జ్వరం వచ్చిన రోగికి ఆ రోజు ఐరన్ ఆపాలన్నది మాత్రం నిజం. శుభ్రత అన్నిచోట్లా ఒకేలా ఉండని మన పరిస్థితుల్లో బ్రిటన్ ఫలితాన్ని యథాతథంగా దించుకోలేమని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్, మూలుగకు అందే ఐరన్‌ను చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ రెండూ కొలిచి ఇవ్వాలంటున్నాను. ఫెరిటిన్ ఒక్కటే చాలదు. ఒంట్లో వాపు ఉంటే అది తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

2022లో మన దేశంలో అనుమతి పొందిన డెసిడుస్టాట్ మాత్ర చాలామందికి ఆశ కలిగించింది. అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ తయారుచేసిన ఈ మందు, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒళ్లు స్పందించే తీరునే లేపి, ఒంట్లోనే హార్మోనును పుట్టిస్తుంది. ఇంజెక్షన్‌కు ఫ్రిజ్ కావాలి, వేసేవారు కావాలి, ఏలూరుకో విజయవాడకో బస్సు ఎక్కాలి. మాత్రకు అవేవీ అక్కర్లేదు కాబట్టి పల్లెకు ఇది నిజమైన మేలు కావచ్చు. అయితే అమెరికాలో 2023లో డాప్రోడుస్టాట్‌ను, 2024లో వడడుస్టాట్‌ను డయాలిసిస్ రోగులకే పరిమితం చేశారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి గట్టి హెచ్చరిక కూడా పెట్టారు. తేలిగ్గా మింగే మాత్ర కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా నెలలకు నెలలు కొనసాగించే ప్రమాదం ఇంజెక్షన్ కన్నా దీనికే ఎక్కువ.

మిగిలింది డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలిసిస్ మీద ఉన్నవారికి నెలకు 10 వేల రూపాయల పింఛను, డయాలిసిస్‌కు ఉచిత వైద్య పథకం ఉన్నాయి. దేశంలో ఇంత ఆదుకునే రాష్ట్రాలు ఎక్కువ లేవు, అది చెప్పుకోదగ్గ సంగతే. కానీ ఈ సాయం ముఖ్యంగా జబ్బు చివరి మెట్టు దగ్గర మొదలవుతుంది. మూడో దశలో ఏడాదికోసారి హిమోగ్లోబిన్, నాలుగో దశలో ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్, అవసరమైనవారికి ఫెరిటిన్, నరం ద్వారా ఒకటి రెండు డోసుల ఐరన్ అనే ఖర్చు రోగి జేబు మీదే పడుతుంది. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని తిరగలేక వారు మానేస్తారు. రక్తం పెరిగితే కిడ్నీ బాగవుతుందని నేను చెప్పడం లేదు, ట్రీట్ అధ్యయనంలో అలా జరగలేదు. పనికి వెళ్లగలగడం, గుండె మీద భారం తగ్గడం, రక్తం ఎక్కించుకునే అవసరం తప్పడం ఈ ఖర్చుకు తగిన ప్రతిఫలాలే. బీపీ, సుగర్ మాత్రలకు నెలనెలా వచ్చే మనిషి దగ్గర ఏడాదికోసారి వేలి కొన నుంచి ఒక చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూడటం గ్రామ స్థాయిలోనే జరిగే పని. ఫెరిటిన్‌కు నమూనాను 2023 సెప్టెంబరు నుంచి వైద్య కళాశాల నడుస్తున్న ఏలూరుకు పంపవచ్చు. మనిషి బదులు సీసా ప్రయాణిస్తే, ఆ ఒక్క రోజు కూలి అయినా అతనికి మిగులుతుంది.